సొంత రచనల కోసం వికీ పెట్టుకోవడం: ఏ పేజీలో ఏది రాయాలి, తెలుగుతో వచ్చే చిక్కులేమిటి?

రేవువీధి (ప్రశ్న)

అందరికీ నమస్కారం.

నేను విశాఖపట్నం వన్‌టౌనులో పుట్టి పెరిగినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. ఉద్యోగ విరమణ తరువాత, ఓడరేవును నమ్ముకొని బతికిన ఒక కుటుంబం గురించి నవల మొదలుపెట్టాను. కథ రేవు తెరిచిన 1933లో మొదలై, 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరగడం, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఊరి మీద బాంబులు వేయడం, జనం ఇళ్ళకు తాళాలు పెట్టి పల్లెలకు తరలిపోవడం, 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్ళలోకి దిగడం వంటి ఘట్టాలన్నిటినీ దాటుకుంటూ నడుస్తుంది. ఇప్పటికి పదకొండు అధ్యాయాలు పూర్తయ్యాయి.

మొన్న ఆ పదకొండింటినీ వరసగా కూర్చుని చదివినప్పుడు నా గుండె జారిపోయింది. రేవు తెరిచిన ఏడాది పుట్టిందని మొదటి అధ్యాయంలో రాసిన పిల్లకు, బాంబులు పడిన రోజున పన్నెండేళ్ళని ఆరో అధ్యాయంలో రాశాను. లెక్క వేస్తే ఆ పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్ళు నిండటం కూడా కష్టమే. రెండో అధ్యాయంలో పెరట్లో ఉన్న నుయ్యి తొమ్మిదో అధ్యాయానికి వీధి వాకిట్లోకి వచ్చింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూద్దామని కంప్యూటరులో ‘నుయ్యి’ అని వెతికితే ఒక్క చోటే దొరికింది, ఎందుకంటే మిగిలిన చోట్లన్నీ నేను ‘నూతి దగ్గర’, ‘నూతిలో’ అని రాశాను.

నా దగ్గరున్న సరంజామా కూడా ఒక చోట లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ రెక్కలు ఊడిపోయి, పక్కనే ఉన్న బీరువా పై అరలోని నోటుపుస్తకాలు రాత్రంతా వానలో నానాయి. బాల్ పెన్నుతో రాసినవి ఆరబెట్టుకొని చదవగలిగాను. ఇంకు పెన్నుతో రాసినవి మాత్రం పేజీ పేజీకీ నీలి మరకలుగా మిగిలాయి, వాటిలో మా అమ్మమ్మ దగ్గర కూర్చుని రాసుకున్న పుస్తకం కూడా ఒకటి. ఇవి కాక, పాత కథలు యూనికోడు కాని ‘అను’ అనే ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైళ్ళుగా ఉన్నాయి, ఈ మధ్యవి ఫోనులో ఉన్నాయి.

మా మేనల్లుడు సొంతానికి ఒక వికీ పెట్టుకోమంటున్నాడు. వికీపీడియా అంటే తెలుసు కానీ, ఒక్కడి రాతల కోసం వికీ అంటే ఎలా ఉంటుందో నాకు ఊహకు అందడం లేదు. నిజంగా రాసేవాళ్ళు ఎవరైనా ఇలా చేస్తున్నారా? పేజీలు దేనికి పెట్టాలి, పాత్రలకా, అధ్యాయాలకా, సంఘటనలకా? తెలుగులో ఇది సవ్యంగా పనిచేస్తుందా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

సీతమ్మధార_పాఠకురాలు

రేవువీధి గారికి నమస్కారం. నేను ఎనిమిదేళ్ళుగా సొంత వికీ మీదే రాస్తున్నాను. ఎక్కువగా వ్యాసాలు, అప్పుడప్పుడు కథలు. మీ ప్రశ్నల్లో పేజీలు దేనికి పెట్టాలన్నదానికి జవాబు సులువు: మీ నవలలో పేరున్న ప్రతిదానికీ పేజీ పెట్టవచ్చు. మనిషికి, ఇంటికి, వీధికి, పడవకి, మీ నూతికి కూడా. అధ్యాయాలు వేరే అరలో ఉండాలి. అధ్యాయంలో ‘నుయ్యి’ అన్న మాట వచ్చిన చోట దాని పేజీకి లింకు ఇస్తారు. అప్పుడు నుయ్యి పేజీ తెరిస్తే అది ఏయే అధ్యాయాల్లో వచ్చిందో అడుగున జాబితా కనబడుతుంది. వికీపీడియాలో ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అని పక్కన కనిపించేది ఇదే. మామూలు ఫైళ్ళకూ వికీకీ ఉన్న తేడా అంతా ఆ వెనుక చూపులోనే ఉంది.

అయితే అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి, దానికోసమే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. పేజీలో రాసే ప్రతి వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాక్యం పక్కనే రాసుకోండి. నేను మూడు గుర్తులు వాడతాను: ‘నమోదు’, ‘విన్నది’, ‘కల్పన’. అచ్చులోనో దస్తావేజులోనో నా కళ్ళతో చూసినది నమోదు. ఎవరైనా చెప్పినది విన్నది, దాని వెంట చెప్పిన మనిషి, చెప్పిన తేదీ. నేను కథ కోసం పుట్టించినది కల్పన.

ఈ అలవాటు నాకు ఒక తప్పు వల్ల వచ్చింది. యుద్ధకాలంలో విశాఖ నుంచి జనం తరలిపోవడం గురించి కొన్నేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాను. అందులో, మా మామ్మ వాళ్ళు బాంబులు పడిన మర్నాడు ఒంటెద్దు బండిలో అనకాపల్లి వెళ్ళారనీ, దారిలో పొయ్యి పెట్టుకోవడానికి భయపడి నానబెట్టిన అటుకులు తిన్నారనీ రాశాను. అది అచ్చయ్యాక మా చిన్నాన్న ఫోను చేసి, “అమ్మ రైల్లో వెళ్ళిందే, ఎద్దుబండి ఎక్కడిదమ్మా?” అన్నారు. నా పాత నోట్సు తీసి చూస్తే, ఆ బండి, ఆ అటుకులు అంతకు పదేళ్ళ ముందు ఒక కథ కోసం నేనే ఊహించి రాసుకున్నవి. కథ పూర్తి కాలేదు. ఊహ మాత్రం నోటుపుస్తకంలో నిలిచిపోయి, పదేళ్ళు గడిచేసరికి మా మామ్మ నోటి మాటలాగా నాకే వినిపించింది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. అయినా ఒక అబద్ధం మా మామ్మ పేరు మీద అచ్చులోకి వెళ్ళింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీ నవలలో చరిత్ర, కుటుంబం, కల్పన మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి మీకు ఈ ప్రమాదం నాకంటే ఎక్కువ. నా వికీలో ఒక పేజీ ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను:

*పేజీ పేరు: బాంబు దాడి*
*1942 ఏప్రిల్ 6, జపాను విమానాలు. (నమోదు)*
*మామ్మ వాళ్ళు రైల్లో అనకాపల్లి వెళ్ళారు. (విన్నది: చిన్నాన్న, ఫోనులో, వ్యాసం అచ్చయిన వారం)*
*తాళం వేశాక మామ్మ వెనక్కి వచ్చి తులసికోట దగ్గర చెంబు నీళ్ళు పోసింది. (కల్పన: నాది, పూర్తికాని కథ కోసం)*

మూడే వాక్యాలు. కానీ రేపు నేను వ్యాసం రాసినా, కథ రాసినా, ఏ వాక్యాన్ని ఎక్కడ వాడవచ్చో ఆ పేజీయే చెబుతుంది. తడిసిపోయిన మీ అమ్మమ్మ గారి పుస్తకంలోని సంగతుల్లో మీకు గుర్తున్నవి ఇప్పుడు రాసుకుంటే, వాటికి నాలుగో గుర్తు ఒకటి పెట్టండి: ‘గుర్తున్నది’. అది విన్నదానికంటే ఒక మెట్టు కింద ఉంటుంది.

తెలుగు_కీబోర్డు

నేను సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నాను, తీరిక ఉన్నప్పుడు తెలుగు వికీపీడియాలో దిద్దుబాట్లు చేస్తుంటాను. పైన అమ్మ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, తెలుగు వల్ల వచ్చే చిక్కుల గురించి మాత్రం రాస్తాను.

ముందుగా వికీ అన్న మాట గురించి. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న మొదటి వికీని జనం ముందు పెట్టారు. హోనొలులు విమానాశ్రయంలో తిరిగే ‘వికీ వికీ’ బస్సు పేరును దానికి పెట్టుకున్నారు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. మన వైపు ‘బేగి’ అంటామే, సరిగ్గా అదే. పేజీ తెరవడం, రాయడం, లింకు ఇవ్వడం బేగి బేగి అయిపోవాలి. మీరు ఎంచుకొనే ఉపకరణం ఏదైనా ఈ ఒక్క పరీక్షకు నిలవాలి.

వికీపీడియాను నడిపే మీడియావికీకి సర్వరు, డేటాబేసు కావాలి. ఒక్కరి కోసం అంత బరువు అనవసరం. టిడ్లీవికీ అని 2004 నుంచి ఒకటి ఉంది, వికీ మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటుంది, బ్రౌజరులో తెరుచుకుంటుంది. జిమ్, అబ్సిడియన్ అనేవి పేజీకొక మామూలు టెక్స్టు ఫైలు చేసి మీ కంప్యూటరులోనే ఉంచుతాయి. నా సలహా ఈ చివరి రకం. రేపు ఆ సాఫ్ట్‌వేరు మూలపడినా మీ రాతలు నోట్‌ప్యాడులో కూడా తెరుచుకుంటాయి. అను ఫాంట్ల ఫైళ్ళతో మీరిప్పుడు పడుతున్న అవస్థ మళ్ళీ రాకూడదంటే అదే దారి.

ఇక అసలు చిక్కు. ఇంగ్లీషులో ఒక పేరు వాక్యంలో ఎక్కడ వచ్చినా దాదాపు అదే రూపంలో ఉంటుంది. మన భాషలో విభక్తి చేరగానే మాటే మారిపోతుంది. ‘భీమిలి’కి ‘లో’ చేర్చడం తేలిక, పేరు చుట్టూ జంట చదరపు బ్రాకెట్లు (లింకు గుర్తు) పెట్టి [[భీమిలి]]లో అని రాస్తే సరిపోతుంది. ‘విశాఖపట్నం’ మాత్రం ‘విశాఖపట్నానికి’ అవుతుంది, ‘ఇల్లు’ ‘ఇంట్లో’ అవుతుంది, ‘ఊరు’ ‘ఊళ్ళో’ అవుతుంది, మీ ‘నుయ్యి’ ఏకంగా ‘నూతి’ అవుతుంది. అందుకే మీరు వెతికినా దొరకలేదు. దీనికి మందు నిలువు గీత. [[నుయ్యి|నూతిలో]] అని రాస్తే చదివేటప్పుడు ‘నూతిలో’ అని కనబడుతుంది, లింకు మాత్రం ‘నుయ్యి’ పేజీకి వెళుతుంది. పేజీ పేర్లన్నీ ప్రథమా విభక్తిలో, ఏకవచనంలో పెట్టాలని మొదటి రోజే నియమం పెట్టుకోండి. కొన్నాళ్ళు చేతికి బరువుగా ఉంటుంది, తరువాత అదే అలవాటవుతుంది.

రెండోది మారుపేర్లు. ఒకే ఊరిని మీ పాత్రలు విశాఖ అంటారు, వైజాగు అంటారు, పట్నం అంటారు. వికీపీడియాలో ఇలాంటివాటికి ‘దారిమార్పు’ పేజీలు ఉంటాయి. అబ్సిడియన్‌లో అయితే పేజీ మొదట్లోనే మారుపేర్ల వరస రాసుకోవచ్చు. దీనికి ఎదురుదిక్కు, ఒకే పేరుతో ఇద్దరు మనుషులు ఉండటం. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్ళలో ఇది తప్పదు. ‘అప్పలస్వామి (తాత)’, ‘అప్పలస్వామి (మనవడు)’ అని విడదీసి, ఒట్టి ‘అప్పలస్వామి’ అన్న పేజీలో ఆ ఇద్దరికీ దారి చూపండి. తెలుగు వికీపీడియాలో దీన్ని ‘అయోమయ నివృత్తి’ అంటారు, నాకు చాలా ఇష్టమైన మాట.

మూడోది కంటికి కనబడని చిక్కు. ‘బీచ్‌రోడ్డు’ అని టైపు చేసేటప్పుడు, చకారం పొల్లు కింద రకారం వత్తుగా మారిపోకుండా నడుమ ఒక అదృశ్య అక్షరం పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెడతాయి, కొన్ని పెట్టవు. అది ఉన్న మాట, లేని మాట మన కంటికి ఒక్కలాగే అనిపించిన చోట్ల కూడా కంప్యూటరుకు రెండు వేరువేరు మాటలే. ఒకటి వెతికితే రెండోది దొరకదు, ఒక్కోసారి ఒకే పేరుతో రెండు పేజీలు తయారై కూర్చుంటాయి. తెలుగు అజంత భాష (మాటలు అచ్చుతో ముగిసే భాష) కాబట్టి దీనికి మన దగ్గరే ఉపాయం ఉంది. పేజీ పేర్లలో అన్య భాషా పదాలకు చివర అచ్చు చేర్చండి: హార్బరు, బీచి రోడ్డు, లైటుహౌసు. అచ్చు చేరిన చోట ఆ అదృశ్య అక్షరంతో పనే ఉండదు.

ఇంకొక్కటి. పేజీ పేరే ఫైలు పేరు అవుతుంది కాబట్టి పేర్లు పొట్టిగా ఉంచండి. లినక్సు, ఆండ్రాయిడ్ వంటి వాటిలో ఫైలు పేరుకు హద్దు సాధారణంగా 255 బైట్లు. అక్కడ వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడు పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’లో ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు ఉన్నాయి. పొడుగాటి వాక్యాన్ని పేజీ పేరుగా పెడితే కంప్యూటరులో బాగానే ఉండి, ఫోనులోకి మార్చినప్పుడు మొరాయించవచ్చు.

రేవువీధి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మా, మీ మామ్మ గారి సంగతి చదివాక నా నవలలో ‘అమ్మమ్మ చెప్పింది’ అని నేను నమ్ముతున్న విషయాలు ఎన్ని నిజంగా ఆవిడ చెప్పినవో అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. తెలుగు కీబోర్డు గారూ, నిలువు గీత సంగతి ఎవరూ చెప్పకపోతే నేను వారం రోజులకే విసిగి మానేసేవాణ్ణి. రెండు సందేహాలు. అను ఫాంట్ల ఫైళ్ళన్నీ ముందు యూనికోడులోకి మార్చుకొని, ఆ తరువాతే వికీ మొదలుపెట్టాలా? మళ్ళీ తుఫాను వస్తే ఎలా?

వాల్తేరు_మిట్ట

అయ్యా, మొదటి సందేహానికి నా జవాబు ‘వద్దు’. అనుభవం మీద చెబుతున్నాను.

నేను కూడా ముందు అన్నీ సర్దుకొని తరువాత రాద్దామనుకున్నాను. ఏడాదిన్నర పాటు పాత నోట్సు మొత్తం ఎక్కించాను, వర్గాలు చేశాను, పాత్రలకు మూసలు తయారు చేశాను, రంగులు మార్చాను. పేజీలు ఏడు వందలు దాటాయి. ఆ ఏడాదిన్నరలో ఒక్క కథ కూడా రాయలేదు. వికీలో పని చేస్తుంటే రాస్తున్నట్టే ఉంటుంది, వేళ్ళు కదులుతుంటాయి, సాయంత్రానికి ఎంతో చేశామన్న తృప్తి ఉంటుంది. అందుకే ఆ ఏడాదిన్నర ఎలా పోయిందో నాకు తెలియలేదు.

ఇప్పుడు నా నియమం ఒక్కటే. ఏదైనా సంగతి రెండోసారి అవసరపడినప్పుడే దానికి పేజీ పెడతాను. మొదటిసారి కథలోనే రాసేస్తాను. రెండోసారి ‘ఇది ముందు ఎలా రాశాను?’ అని వెనక్కి తిరిగి వెతకవలసి వస్తే, ఆ వెతికిన ఫలితాన్ని పేజీగా రాస్తాను. అలా పుట్టిన పేజీలు నాకు ఇప్పుడు నూట నలభై ఉన్నాయి, ఆ పాత ఏడు వందల కంటే ఇవే నాకు అక్కరకు వస్తున్నాయి.

ఒక ఉదాహరణ. ఫిషింగ్ హార్బరు నేపథ్యంలో ఈ కాలపు కథ ఒకటి రాస్తూ, మే నెల నడిమధ్య ఒక మర పడవ ఐదు రోజుల వేటకు వెళ్ళి వంజరం నింపుకొని వచ్చినట్టు రాశాను. జాలరిపేటలో ఉండే స్నేహితుడికి చదివి వినిపిస్తే, అతను మర్యాదగా చివరిదాకా విని, “మే నెలలో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కదండీ” అన్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. అప్పుడు ‘వేట నిషేధం’ అని పేజీ పెట్టి ఆ తేదీలు రాసుకున్నాను. ఆ తరువాత రాసిన మూడు కథల్లో ఆ పేజీ తెరిచాను, అందులో ఒక కథ అసలు ఆ పేజీ నుంచే పుట్టింది: పడవ కట్టేసి ఉన్న రెండు నెలలూ ఆ ఇల్లు ఎలా గడుస్తుందన్నది.

కాబట్టి మీ అను ఫాంట్ల ఫైళ్ళను వాటి మానాన ఉండనివ్వండి. నవలకు ఏ పాత కథ అవసరపడితే ఆ ఒక్కదాన్నే మార్చుకోండి. మార్చిన తరువాత ఒత్తుల దగ్గర, అరసున్న వంటి అరుదైన గుర్తుల దగ్గర ఆగి అచ్చు ప్రతితో పోల్చి చదవండి, మార్పిడిలో నాకు ఎక్కువ తప్పులు దొర్లింది అక్కడే.

సీతమ్మధార గారి మూడు గుర్తుల పద్ధతి మాత్రం నేను ఈ రోజు నుంచే మొదలుపెడుతున్నాను.

తెలుగు_కీబోర్డు

తుఫాను ప్రశ్నకు జవాబు: మూడు ప్రతులు ఉంచండి. ఒకటి మీ కంప్యూటరులో, ఒకటి వారానికోసారి పెన్‌డ్రైవులోకి, మూడోది ఊరి బయట. మూడోదే ప్రాణం. హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లోను, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా అన్నయ్య ఇంట్లోను ఒకేసారి నీళ్ళు వచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అందుచేత ప్రతులన్నీ ఇదే ఊళ్ళో ఉంటే అవి ఎన్ని ఉన్నా ఒక్క ప్రతి కిందే లెక్క. మీ మేనల్లుడు వేరే ఊళ్ళో ఉంటే నెలకోసారి ఫోల్డరు మొత్తాన్ని జిప్ చేసి, ఫైలు పేరులో తేదీ వేసి పంపండి. టెక్స్టు ఫైళ్ళు కాబట్టి, మీ నవల, మీ వికీ కలిపినా ఒక ఫొటో అంత బరువు కూడా ఉండకపోవచ్చు. పాత జిప్‌లను చెరిపేయవద్దని అతనికి చెప్పండి. ఆరు నెలల కిందటి వాక్యం కోసం వెతుక్కొనే రోజు ప్రతి రచయితకూ వస్తుంది.

రేవువీధి

మిత్రులకు నమస్కారం. పది రోజుల తరువాత రాస్తున్నాను.

మేనల్లుడు వచ్చి అబ్సిడియన్ పెట్టి వెళ్ళాడు. వాల్తేరు మిట్ట గారి మాట ప్రకారం, నవలలో నన్ను రెండోసారి వెనక్కి తిప్పిన వాటికి మాత్రమే పేజీలు పెట్టాను. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. ఆ పిల్ల పేజీలో మొదటి వరసలోనే పుట్టిన ఏడు 1933 అని రాసి, ఆరో అధ్యాయంలో ఆమె వయసు ఎనిమిదికి దించాను. దించగానే ఆ అధ్యాయం సగం మారిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని పరుగెత్తగలదు కానీ ఎనిమిదేళ్ళ పిల్ల పరుగెత్తలేదు. ఇప్పుడు ఆమె తమ్ముణ్ణి చెయ్యి పట్టుకొని లాక్కుంటూ నడుస్తోంది, వాడు దారిలో కూర్చుండిపోతున్నాడు. ముందు రాసినదానికంటే ఇదే నాకు నిజంగా అనిపిస్తోంది.

నుయ్యి పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘పెరట్లో ఉంది’ అని రాసి, పక్కన ఏ గుర్తు పెట్టాలో తెలియలేదు. నవలలోని ఇల్లు మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లే. నేను పుట్టకముందే ఆ నుయ్యి పూడ్చేశారు. పెరట్లో ఉండేదని నాకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, బహుశా ఎవరూ చెప్పలేదేమో కూడా. ప్రస్తుతానికి ‘కల్పన’ అని రాశాను. ఆ ఇంట్లో పెరిగిన వాళ్ళలో మా పెద్దమ్మ ఒక్కర్తే మిగిలింది. అనకాపల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది, తొంభై దాటాయి, చెవులు వినబడవు కానీ పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తే చదివి చెబుతుంది. ఈ ఆదివారం పొద్దున్న బండికి వెళుతున్నాను. ప్రశ్నలు ఒక కాగితానికి ఒకటి చొప్పున రాసి పెట్టుకున్నాను, మొదటి కాగితం నూతి గురించే.